కుక్కకి తెలుసు, నాకే తెలీదు: మిరియంతో వాసన ఆట

ఈ ఎపిసోడ్‌లో నా కుక్క గురించి మాట్లాడబోతున్నాను. రీల్స్ చూస్తూ చూస్తూ ఇటు వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క పది నిమిషాలు ఆగండి. ఇది ముద్దుముద్దు కుక్క వీడియో కాదు. నేను ఓడిపోయిన కథ, ఎందుకు ఓడిపోయానో ఆలస్యంగా తెలుసుకున్న కథ.

ముందు ఒక సీన్ చెప్తాను. అమెరికాలో, నార్త్ కరోలినాలో, ఒక ఆదివారం. స్కూలు పార్కింగ్‌లో మూడు కార్లు వరసగా పెట్టారు. వాటిలో ఏదో ఒక కారుకి బయటివైపు చిన్న ఇయర్ బడ్ ముక్క దాచారు. దానికి ఒక నూనె వాసన పట్టించి ఉంటుంది. అది ఎక్కడుందో నాకు తెలీదు. నా కుక్క మిరియం కనిపెట్టాలి. కనిపెట్టిందని నాకు అనిపిస్తే నేను "అలర్ట్" అని గట్టిగా చెప్పాలి. అది రెండో కారు ముందు చక్రం దగ్గర కూర్చుంది. నేను చెయ్యెత్తి "అలర్ట్" అన్నాను. జడ్జి నా వైపు చూసి ఒకే ఒక్క మాట అంది. "నో."

పొద్దున్నుంచీ మూడు రౌండ్లు నెగ్గాం. ఈ నాలుగోది కూడా నెగ్గితే టైటిల్. ఈ పోటీలో ఒకే రోజు నాలుగూ నెగ్గాలి, మూడు నెగ్గినవాళ్లకి టైటిల్ ఏమీ లేదు. ఇంటికి వచ్చేదాకా నేను మిరియంతో మాట్లాడలేదు. నిజం చెప్తున్నా, కుక్క మీద అలిగాను.

సరే, మొదటికి వద్దాం. నాది తెనాలి. ర్యాలీ దగ్గర ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. మిరియాన్ని షెల్టర్ నుంచి తెచ్చుకున్నాను. నల్లగా, చిన్నగా, గుండ్రటి తలతో ఉంటుంది, అందుకే ఆ పేరు. ఏ జాతో నాకూ తెలీదు, వాళ్లకీ తెలీదు. కొంచెం లాబ్రడార్ ఉందన్నారు అంతే. తెచ్చిన వారానికే దాని అసలు సమస్య బయటపడింది. ఇంకో కుక్క కనిపిస్తే చాలు, అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేది. లిఫ్ట్‌లో టోపీ పెట్టుకున్న మనిషి ఎక్కితే నా కాళ్ల వెనక దాక్కుని వణికేది. అపార్ట్‌మెంట్ వాళ్ల నుంచి రెండుసార్లు నోటీసు వచ్చింది. మూడోసారి వస్తే ఇల్లయినా ఖాళీ చెయ్యాలి, కుక్కనైనా వెనక్కి ఇవ్వాలి. వెనక్కి వెళ్తే దాన్ని ఇంకెవరు తీసుకుంటారు?

మామూలు ట్రైనింగ్ క్లాసుకి తీసుకెళ్తే పది నిమిషాల్లో బయటికి పంపారు. అక్కడ ఇంకో ఎనిమిది కుక్కలున్నాయి మరి. అప్పుడు ఒక పెద్దావిడ, తర్వాత మాకు ట్రైనర్ అయ్యింది, "దీనికి ముక్కుతో చేసే పని ఇచ్చి చూడు" అంది. అలా పరిచయమైంది ఈ ఆట.

దీన్ని నోజ్ వర్క్ అంటారు, సెంట్ వర్క్ అని కూడా అంటారు. విమానాశ్రయాల్లో బాంబులు, డ్రగ్స్ పసిగట్టే కుక్కలు చేసే పనినే ఇంట్లో పెంచుకునే కుక్కలకి ఆటగా మార్చారన్నమాట. కాలిఫోర్నియాలో రాన్ గాంట్, ఏమీ హెరాట్, జిల్ మేరీ ఓబ్రయన్ అని ముగ్గురు డిటెక్షన్ డాగ్ ట్రైనర్లు దీన్ని మొదలుపెట్టారు. 2017లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ కూడా సొంతంగా ఇలాంటి పోటీలు పెట్టడం మొదలెట్టింది. జాతి కుక్కే ఉండాలని లేదు. ముసలి కుక్క, చెవులు వినపడని కుక్క, మూడు కాళ్ల కుక్క కూడా ఆడుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది ఏమిటంటే, వెతికే చోట ఒక్కసారికి ఒక్క కుక్కే ఉంటుంది. మిగతావన్నీ కార్లలో కూర్చుని తమ వంతు కోసం చూస్తాయి. మిరియానికి ఇంకేం కావాలి!

వెతకాల్సిన వాసనలు కూడా ముందే ఖరారు. బర్చ్ అనే చెట్టు నూనె, సోంపులాంటి ఆనిస్ నూనె, లవంగ నూనె. కెన్నెల్ క్లబ్ పోటీల్లో సైప్రస్ నాలుగోది. మొదటి స్థాయిలో బర్చ్ ఒక్కటే. ఆ సీసా మూత మొదటిసారి తీసినప్పుడు నాకు అమెరికా గుర్తు రాలేదు, మా నాన్న నడుం నొప్పి గుర్తొచ్చింది. అచ్చం అయోడెక్స్ వాసన! తర్వాత చదివితే తెలిసింది, బర్చ్ నూనెలో ఎక్కువ భాగం మిథైల్ శాలిసిలేట్. మన నొప్పుల బామ్‌లలో చాలావాటికి ఆ ఘాటు ఇచ్చేది అదే. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు ట్రైనింగ్ ఎలా మొదలవుతుందో చెప్తాను, ఎందుకంటే మీరూ ఇంట్లో చెయ్యొచ్చు. మొదటి రెండు నెలలు అసలు నూనె ముట్టుకోలేదు. ఆరు ఖాళీ అట్టపెట్టెలు, డెలివరీకి వచ్చినవే. వాటిలో ఒక్కదాంట్లో ఉడకబెట్టిన చికెన్ ముక్కలు. కుక్కని వదలడం, మనం నోరు మూసుకోవడం. అంతే. "అక్కడ చూడు, ఇక్కడ చూడు" అని వేలు చూపించకూడదు. దొరికిందా, ఆ పెట్టెలోనే ఇంకో రెండు ముక్కలు వెయ్యాలి. వెతికితే దొరుకుతుందని, దొరికిన చోటే పండగని దానికి అర్థం కావాలి.

తర్వాత పెట్టెలు కుర్చీ మీదకి, మంచం కిందకి, తలుపు వెనక్కి వెళ్తాయి. అప్పుడు నూనె వస్తుంది. ఇయర్ బడ్‌ని సగానికి కోసి, కొంచెం నూనె వాసన పట్టించి, చిల్లులున్న చిన్న రేకు డబ్బాలో పెడతాం. చేతికి గ్లవ్స్, పట్టుకోవడానికి పట్టకారు. ఎందుకంటే నా వేళ్లకి వాసన అంటితే నేను ముట్టుకున్న ప్రతి తలుపు గొళ్లెమూ కుక్కకి అబద్ధం చెప్తుంది. కొన్నాళ్లు డబ్బా పక్కనే చికెన్ పెట్టాలి. ఆ తర్వాత చికెన్ తీసేసి డబ్బా ఒక్కటే దాచాలి. కుక్క డబ్బా దగ్గర ముక్కు పెట్టగానే చికెన్ మన చేతిలోంచి అక్కడికే రావాలి. ఈ వాసన కనిపెడితే చికెన్ వస్తుందన్న లెక్క దాని బుర్రలో అలా కుదురుతుంది.

కుక్క ముక్కు గురించి కూడా ఒక్క నిమిషం. అది వాసన పట్టేటప్పుడు సెకనుకి అయిదుసార్ల దాకా గాలి లోపలికి లాగుతుంది. వదిలే గాలి ముక్కు పక్కన ఉండే చీలికల్లోంచి పోతుంది, అందుకని ఎదురుగా ఉన్న వాసన చెదిరిపోదు. రెండు ముక్కురంధ్రాలూ వేరువేరుగా గాలి తీసుకుంటాయి కాబట్టి వాసన కుడి నుంచా, ఎడమ నుంచా అని కూడా తెలుస్తుంది. కానీ వాసన దాచినచోటే కూర్చుని ఉండదు కదా. గాలితో పోతుంది. మా ట్రైనర్ పొగతో చూపిస్తుంటే నేను ఇంట్లో అగరుబత్తి వెలిగించి చూశాను. కిటికీ దగ్గర పెట్టిన పొగ నేరుగా వెళ్లి ఎదుటి మూలలో, సోఫా వెనక సుడి తిరుగుతోంది. అంటే డబ్బా కిటికీ దగ్గర ఉన్నా వాసన సోఫా వెనకా ఉంటుంది. కుక్క సోఫా వెనక ఆగితే అది తప్పు కాదు. అక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తుందో చూడాలి.

అసలు కష్టం ఇక్కడే. కుక్క "దొరికింది" అని నోటితో చెప్పదు. దాని ఒళ్లు చెప్తుంది. ఒక్కో కుక్కకి ఒక్కో గుర్తు. మిరియం నడుస్తూ నడుస్తూ తల చటుక్కున వెనక్కి తిప్పుతుంది. తెరిచి ఉన్న నోరు మూసుకుంటుంది. తోక ఊపడం ఆగుతుంది. ఇంత చిన్నవి. నాకు అవి చాలలేదు. సినిమాల్లో పోలీసు కుక్క టక్కున కూర్చుంటుంది కదా, నా కుక్కా అలా కూర్చోవాలనుకున్నాను. ట్రైనర్ వద్దంది. "కూర్చోమని నేర్పితే అది డబ్బాని చూడ్డం మానేసి నీ మొహం చూస్తుంది" అంది. నేను వినలేదు. ఇంట్లో నేనే దాచి, నేనే వెతికించి, అది డబ్బా దగ్గరికి రాగానే ఆగి నిలబడి "కూర్చో" అనేదాన్ని. రెండు వారాల్లో భలే నేర్చుకుంది. వీడియో తీసి స్టేటస్ కూడా పెట్టాను.

సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది, ఆరు నెలలు ఉండడానికి. రాగానే మొదటి మాట, "ఆ కుక్క వంటింట్లోకి వచ్చిందంటే నేను గరిట ముట్టుకోను." సరే, వంటింటి గుమ్మానికి చిన్న గేటు పెట్టాను. మిరియం ఆ గేటు దగ్గర, అమ్మ ఈ గేటు దగ్గర, ఇద్దరూ ఒకళ్లనొకళ్లు అనుమానంగా చూసుకునేవాళ్లు.

ఒక రాత్రి అమ్మ మోకాళ్లకి బామ్ రాసుకుని టీవీ ముందు కూర్చుంది. మిరియం హాల్లోకి వచ్చింది, తల చటుక్కున తిప్పింది, నోరు మూసింది. నేరుగా వెళ్లి అమ్మ మోకాలి దగ్గర ముక్కు పెట్టి కదలకుండా నిలబడిపోయింది. "ఇదేంటే, నన్ను పట్టుకుంది? ఏం చేశాను నేను?" అని అమ్మ కాళ్లు పైకి లాక్కుంది. నాకు నవ్వు ఆగలేదు. చికెన్ తెచ్చి అక్కడే పెట్టాను. అమ్మకి ఇంకా మండింది. "నా మోకాలు పట్టించినందుకు దానికి చికెనా?" అది అడిగిన రేటు న్యాయమే కదా! దానికి నేర్పిన వాసన అక్కడుంది, అది వచ్చి చెప్పింది. నేను ఆగలేదు, చెయ్యి చూపించలేదు, అసలు ఏమీ చెయ్యలేదు. అది కూర్చోలేదు కూడా, నిలబడింది. ఆ తేడా ఆ రాత్రి నాకు తట్టలేదు.

పోటీకి ముందు ఒక అర్హత పరీక్ష ఉంటుంది. పన్నెండు పెట్టెలు, ఒక్కదాంట్లోనే వాసన, మూడు నిమిషాల టైమ్. అది సులువుగానే పాసయ్యాం. ఆ ధైర్యంతో మొదటి స్థాయి పోటీకి వెళ్లాం. పెట్టెలు, గది లోపల, ఆరుబయట, వాహనాలు, ఇవీ ఆ నాలుగు రౌండ్లు. మూడు నెగ్గి నాలుగోది ఎలా పోయిందో ముందే చెప్పాను.

ఓడిపోయి వచ్చాక పోటీలో తీసిన వీడియో నాకు పంపారు. నేను చూడలేదు. పన్నెండు రోజులు ఫోన్‌లో అలాగే పడుంది. ఒక సాయంత్రం అమ్మే "చూపించవే, ఏమైందో" అంటే పెట్టాను. ఒకసారి చూసింది. మళ్లీ పెట్టమంది. అప్పుడు అంది, "మొదటి కారు వెనకే ఆగిందిగా పాపం. నువ్వే కదా లాక్కొచ్చావు."

నేను ఫోన్ లాక్కుని చూశాను. నిజం. మొదటి కారు వెనక బంపర్ దగ్గర తల చటుక్కున తిరిగింది, నోరు మూసుకుంది. అదే సమయంలో నేను, ఎటు తిరగాలో ముందే ప్లాన్ వేసుకున్నదాన్ని, బెల్టు బిగించి దాన్ని రెండో కారుకి తీసుకెళ్లిపోయాను. అక్కడ చక్రం దగ్గర అది ఊరికే వాసన చూసింది. గాలికి కొంచెం వాసన అక్కడికీ వచ్చి ఉంటుంది. నేను ఆగిపోయాను. భుజాలు దాని వైపు తిప్పాను. చెయ్యి చికెన్ సంచి మీదకి పోయింది. మిరియం నా మొహం చూసింది. నేనేం కోరుకుంటున్నానో దానికి తెలుసు, రెండు వారాలు కష్టపడి నేర్పాను కదా. కూర్చుంది. అప్పుడు నేను "అలర్ట్" అన్నాను. డబ్బా మొదటి కారు బంపర్ కిందే ఉందని ఆ రోజే జడ్జి చూపించింది. నేను ఆ మాట పట్టించుకోనే లేదు.

అమ్మకి ఈ ఆట రూల్స్ ఒక్కటీ తెలీదు. కానీ ఆ వీడియోలో తను చూసింది కుక్కని. నేను చూసుకున్నది నన్ను.

ఇది నా ఒక్కదాని తప్పు కాదని తర్వాత తెలిసింది. నూరేళ్ల కిందట జర్మనీలో, బెర్లిన్‌లో హాన్స్ అని ఒక గుర్రం ఉండేది. లెక్క అడిగితే డెక్కతో అన్నిసార్లు కొట్టి జవాబు చెప్పేది. జనం విరగబడి చూసేవాళ్లు. ఆస్కార్ ఫుంగ్స్ట్ అనే సైకాలజిస్ట్ పరీక్షించి 1907లో అసలు సంగతి బయటపెట్టాడు. అడిగే మనిషికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలీదు! సరైన అంకె రాగానే మనిషి తలలో, భంగిమలో వచ్చే చిన్న కదలికని అది చదివేది. పాపం ఆ యజమానికి తను సైగ చేస్తున్నట్టు తనకే తెలీదు.

2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్లు ఇంకో పరిశోధన అచ్చేశారు. ట్రైనింగ్ అయిన 18 డిటెక్షన్ డాగ్ టీముల్ని పిలిచి గదులు వెతికించారు. కొన్నిచోట్ల ఎర్ర కాగితం అంటించి, వాసన ఉన్నచోటికి అది గుర్తు అని హ్యాండ్లర్లకి చెప్పారు. నిజానికి ఏ గదిలోనూ వెతకాల్సిన వాసన లేదు. అయినా "మా కుక్క పట్టుకుంది" అని హ్యాండ్లర్లు చాలాసార్లు చెప్పారు. ఆ కాగితం ఉన్నచోట ఇంకా ఎక్కువ. నాది ఆట కాబట్టి ఒక టైటిల్ పోయింది. అదే నిజం పనిలో అయితే? ఎవరి బ్యాగో తెరుస్తారు, ఎవరి కారో ఆపుతారు. నేను టెస్టర్‌ని, లేని బగ్‌ని ఉందని చెప్తే ఎంత గొడవో నాకు బాగా తెలుసు. అయినా కుక్క దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను.

మరి దీనికి మందు? డబ్బా ఎక్కడుందో నాకు తెలియకూడదు. ఇంకెవరో దాచాలి. మా ఇంట్లో ఇంకెవరున్నారు?

అమ్మ! నాన్నకి తెలియకుండా పప్పుల డబ్బాల్లో, బియ్యం డ్రమ్ములో, పాత చీరల మడతల్లో ఏళ్ల తరబడి డబ్బులు దాచిన మనిషి. ఈ ఉద్యోగానికి అంతకన్నా అర్హత ఎవరికుంది? గ్లవ్స్ వేసుకుంటే "ఆపరేషన్ చేస్తున్నట్టుంది" అంది. నేనూ మిరియం బాత్రూమ్‌లో, అమ్మ హాల్లో. దాచాక తను బెడ్‌రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకోవాలి. లేకపోతే మిరియం అమ్మ కళ్లు చదివేస్తుంది. నేను "అలర్ట్" అంటూ చోటు చెప్తే లోపల్నుంచి "యెస్" అనో "నో" అనో అనాలి.

నాలుగో రోజు నేను చెప్పుల స్టాండ్ దగ్గర "అలర్ట్" అన్నాను. లోపల్నుంచి "నోఓఓ" అని రాగం. ఇంకో చోట అన్నాను. మళ్లీ రాగం. విసుగొచ్చి "ఎక్కడ దాచావమ్మా?" అంటే బయటికి వచ్చి, "అసలు ఇంట్లో లేదు. కారు డిక్కీలో పెట్టాను" అంది. మిరియం ఆ పూట ఒక్కసారి కూడా తల తిప్పలేదు. నోరు మూయలేదు. లేదు, లేదు అని అది చెప్తూనే ఉంది. ఏదో ఒకటి దొరకాలని తొందరపడింది నేను.

ఆ రోజు నుంచి మార్చుకున్నవి ఇవి. కుక్క ఆగితే నేను ఆగను, మెల్లగా నడుస్తూనే ఉంటాను. బెల్టు వదులుగా ఉంటుంది. చెయ్యి సంచి మీద ఉండదు. "కూర్చో" అన్నది పూర్తిగా మానేశాను. అది ఒక చోటు వదిలి వెళ్లి తనంతట తను మళ్లీ అక్కడికే వస్తే అప్పుడు నమ్ముతాను. రోజుకి అయిదారు నిమిషాలు, మూడు డబ్బాలు, అంతే. చివరిది ఎప్పుడూ సులువైన చోటే, నెగ్గి పడుకోవాలి కదా.

ఇంకో మార్పు నేను అనుకోనిది. పని దొరికాక మిరియం అరుపులు తగ్గాయి. మొత్తం పోలేదు, తగ్గాయి. ఆ మూడో నోటీసు రాలేదు. వంటింటి గేటు ఎప్పుడు తీసేశారో నాకు గుర్తు లేదు, తీసింది మాత్రం నేను కాదు.

అమ్మ అక్టోబరులో తెనాలి వెళ్లిపోయింది. నవంబరులో మళ్లీ పోటీ. ఈసారి కూడా మూడు నెగ్గాం. నాలుగోది గది లోపల, ఒక క్లాస్‌రూమ్. లోపలికి అడుగుపెట్టగానే నా కంటికి బోర్డు కింద ఒక కుర్చీ వంకరగా కనిపించింది. "అక్కడే, నూటికి నూరు పాళ్లు అక్కడే" అని మనసు. కాళ్లు ఆగబోయాయి. ఆపలేదు, నడిచాను. మిరియం ఆ కుర్చీని దాటి పోయింది. పుస్తకాల అలమర దగ్గర తల చటుక్కున తిప్పింది. ముందుకి వెళ్లింది, మళ్లీ వచ్చింది. అలమర కింది మూలలో ముక్కు పెట్టి నోరు మూసింది. నా వైపు చూడనే లేదు. "అలర్ట్" అన్నాను. గొంతు వణికింది.

"యెస్."

తెనాలిలో అప్పటికి అర్ధరాత్రి దాటింది. అయినా మొదటి రింగుకే ఎత్తింది. టైటిల్ వచ్చిందంటే, "ఎక్కడ దాచారే?" అని అడిగింది. పుస్తకాల అలమర కింద అన్నాను. "అంతేనా? నేనైతే అక్కడ దాచను. మొదట అందరూ చూసేది అక్కడే" అని తేల్చేసింది. తర్వాత, "దానికి చికెన్ పెట్టావా?" అంది.

ఫ్రెండ్స్, మీ ఇంట్లో కుక్క ఉంటే, వీధి కుక్కని తెచ్చుకున్నా సరే, ఈ రోజే మొదలుపెట్టండి. అట్టపెట్టెలు, ఉడికించిన చికెన్ లేదా గుడ్డు చాలు. నూనె తొందరేం లేదు, వాడే రోజు వస్తే కుక్క నాకకుండా డబ్బాలోనే ఉంచండి. మన ఎండల్లో పొద్దున్నో సాయంత్రమో ఆడించండి, ఒగరుస్తున్న కుక్క సరిగా వాసన పట్టలేదు. నీళ్లు పక్కనే పెట్టండి. వేలు చూపించకండి. దాచే పని మాత్రం మీరు చెయ్యకండి, ఇంట్లో డబ్బులు బాగా దాచే మనిషికి అప్పగించండి. మీ ఇంట్లో ఆ మనిషి ఎవరో కామెంట్లో చెప్పండి, నేను చదువుతాను. ఉంటాను మరి, మిరియం గుమ్మం దగ్గర ఎదురుచూస్తోంది.